చెప్పి వచ్చేవాళ్లకు ఏం కనిపిస్తుంది?

సంపాదకులు గారికి,

పోలీస్ స్టేషన్లలో సీసీ కెమెరాలు పెట్టేశాక ఇక కొట్టడం గిట్టడం ఏమీ ఉండవు అనే మాట ఈ మధ్య మీ జిల్లా పేజీలోనూ చదివాను, కోర్టు ముందు టీకొట్టు దగ్గరా వింటున్నాను. నేను తిరుపతిలో కోర్టు దగ్గర జాబ్ టైపింగ్ చేసుకునేవాణ్ణి. బెయిల్ పిటిషన్లు, అఫిడవిట్లు, జామీను కాగితాలు రోజూ నా చేతి మీదుగా పోతుంటాయి. లాయర్ని కాను, ఏ సంఘంలోనూ లేను, పోలీసుల మీద పగ కూడా లేదు, మా చిన్నాయన హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాడు. కానీ కెమెరా పెడితే అంతా సర్దుకుంటుంది అనుకునేవాళ్లకు, లాకప్‌లకూ జైళ్లకూ చెప్పకుండా పోయి చూసే బయటి మనుషులు కూడా కావాలని చెప్పాలనిపించి రాస్తున్నాను. ఉత్తరం పొడుగైంది, కత్తిరించుకుంటే మీ ఇష్టం, సబ్‌జైళ్ల సంగతి మాత్రం ఉంచండి.

ముందు కెమెరాల సంగతే చూద్దాం. 2020 డిసెంబర్ 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు చాలా వివరంగానే చెప్పింది. లాకప్, వరండా, రిసెప్షన్, సీఐ గది, ఎస్ఐ గది, స్టేషన్ వెనక భాగం, బాత్రూముల బయట, ఏదీ వదలకూడదు, రాత్రిపూట కూడా బొమ్మ కనపడాలి, మాట కూడా రికార్డు కావాలి, 18 నెలలు దాచాలి, అంతకాలం దాచే మిషన్లు దొరక్కపోతే కనీసం ఏడాదైనా దాచాలి అంది. మంచిదే. కానీ అదే ఏడాది జూన్‌లో మన పక్క రాష్ట్రం తమిళనాడులో, తూత్తుకుడి జిల్లా సాత్తాన్‌కుళంలో, సెల్‌ఫోన్ షాపు నడుపుకునే తండ్రీకొడుకులు పోలీసు దెబ్బలకు చనిపోయినప్పుడు విచారణకు వెళ్లిన మేజిస్ట్రేట్‌కు ఏం కనిపించింది? కెమెరాలు ఉన్నాయి, 1 టెరాబైట్ హార్డ్‌డిస్క్ ఉంది, కావలసినంత చోటు ఉంది, ఏ రోజు రికార్డింగ్ ఆ రోజే దానంతటదే చెరిగిపోయేలా సెట్టింగ్ పెట్టి ఉంది. అక్కడ లేనిదల్లా ఆ సెట్టింగ్ ఎందుకలా ఉందని ముందే వెళ్లి అడిగే మనిషి, అదీ ఆ స్టేషన్‌తో సంబంధం లేని మనిషి.

అలా అడగడానికి జిల్లాకో పర్యవేక్షణ కమిటీ ఉండాలని కూడా ఆ తీర్పులోనే ఉంది. అందులో ఎవరుండాలో చూడండి: రెవెన్యూ కమిషనర్ స్థాయి అధికారి, కలెక్టరు, ఎస్పీ, ఇంకా ఆ ఊరి మేయరు, పల్లెల వైపైతే జిల్లా పరిషత్ పెద్ద. బయటివాళ్లు అనదగ్గది ఆ చివరి ఒక్కరే, వాళ్లూ రాజకీయం వాళ్లే. ఎస్పీ గారు తన స్టేషన్ల ఫుటేజీ తానే చూసుకుని తన మీద తానే రిపోర్టు పంపాలన్నమాట. ఇక్కడ కెమెరాలు ఉన్నాయి, మీకు ఏదైనా అన్యాయం జరిగితే మానవ హక్కుల కమిషన్‌కో కోర్టుకో ఎస్పీకో ఫిర్యాదు చేయొచ్చు, ఫుటేజీ భద్రపరచమని అడిగే హక్కు మీకుంది అని స్థానిక భాషలో, అంటే తెలుగులో, పెద్దగా బోర్డు పెట్టాలని కూడా తీర్పులో ఉంది. ఈసారి పాస్‌పోర్టు వెరిఫికేషన్‌కో ఫోన్ పోయిందని ఫిర్యాదుకో స్టేషన్‌కి పోయినప్పుడు ఆ బోర్డు కోసం గోడలు చూడండి.

ఇప్పుడు నా టేబుల్ దగ్గర కనిపించేది చెబుతాను. రిమాండ్‌కు తెచ్చినప్పుడు మేజిస్ట్రేట్ గారు ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు, పోలీసులు కొట్టారా, ఇబ్బంది పెట్టారా అని. అడగడం ఆయన ధర్మం, అడుగుతారు కూడా. కానీ అడిగే ఆ నిమిషంలో కుర్రాడి మోచేతికి జానెడు దూరంలో ఎస్కార్ట్ కానిస్టేబుల్ ఉంటాడు, గుమ్మం దగ్గర ఎస్ఐ ఫోన్ చూసుకుంటూ నిలబడి ఉంటాడు, రేపు పోలీస్ కస్టడీ పిటిషన్ వేస్తే మళ్లీ పోవాల్సింది వాళ్ల చేతుల్లోకే. "లేదు సార్" అంటాడు. ఆ "లేదు సార్" రికార్డులోకి ఎక్కుతుంది. సాయంత్రం వాళ్లమ్మ ప్లాస్టిక్ కవర్లో ఆధార్ కార్డు, రేషన్ కార్డు పెట్టుకుని నా దగ్గరికి వచ్చి, "నాయనా, వాడు కూచోలేక నిలబడే ఉండాడు, నేను చూసినా, ఏమన్నా రాయి నాయనా" అంటుంది. నేను లాయరు గారి వైపు చూస్తాను, ఆయన తల గీరుకుంటాడు, ఎందుకంటే పొద్దున్నే ఫిర్యాదు లేదని కాగితం మీద పడిపోయింది. ఇప్పుడు రాస్తే బెయిల్ కోసం అల్లిన కథ అంటారు.

ఆసుపత్రి చీటీ కూడా అంతే. అరెస్టయినవాణ్ణి డాక్టరు పరీక్ష చేయాలి, దెబ్బలుంటే రాయాలి, ఎప్పుడు తగిలి ఉంటాయో కూడా రాయాలి, చట్టంలో ఉంది. ఓపీ నిండా జనం, డ్యూటీ డాక్టరుకు ఊపిరాడదు, పోలీసులు గదిలోనే ఉంటారు, చొక్కా విప్పమని అడిగే తీరిక ఎవరికుంది? బీపీ చూసి సంతకం. ఏ ఊరి ఆసుపత్రి అనేది నేను చెప్పను, అందరికీ తెలిసిందే.

ఇంకో చిక్కు టైము దగ్గర. 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతుంది. ఆ 24 గంటలు లెక్క మొదలయ్యేది కాగితం మీద అరెస్టు అని రాసినప్పటి నుంచి. దానికి ముందు "ఊరికే మాట్లాడి పంపిస్తాం" అని తీసుకుపోయిన కాలం ఏ రిజిస్టర్లోనూ ఉండదు. బ్రహ్మోత్సవాలకు ముందు, కొండ కింద పర్సుల దొంగతనాలు ఎక్కువైనప్పుడు, పాత కేసులున్నవాళ్లను, బస్టాండులో పడుకునేవాళ్లను ఇలా తీసుకుపోవడం కొత్తేమీ కాదు. ఒక్కోసారి స్టేషన్‌లో కూడా పెట్టరు. స్టేషన్‌లోనే లేని మనిషి స్టేషన్ కెమెరాకు ఎలా కనిపిస్తాడు? పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 37వ సెక్షన్ ప్రకారం అరెస్టయినవాళ్ల పేర్లు, ఊర్లు, ఏ నేరం కింద తెచ్చారో ప్రతి స్టేషన్‌లోనూ, జిల్లా హెడ్‌క్వార్టర్స్‌లోనూ అందరికీ కనపడేలా పెట్టాలి, డిజిటల్‌గా కూడా. ఈ చట్టం 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది.

మన ప్రాంతానికి ఇంకో ప్రత్యేకత ఉంది, అది ఎర్రచందనం. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో 20 మంది తమిళనాడు కూలీలు చనిపోయిన సంగతి ఎవరూ మర్చిపోలేదు. ఎదురుకాల్పులని పోలీసులు అన్నారు, ముందే పట్టుకుని ఉంచి చంపారని వాళ్ల కుటుంబాలు అన్నాయి, జాతీయ మానవ హక్కుల కమిషన్ దాకా పోయింది. ఆ వాదనలో నేను తీర్పరిని కాను. కానీ ఆ రోజు ముందు రాత్రి ఎవరు ఎక్కడ ఎవరి అదుపులో ఉన్నారని పోలీసులు కాని ఒక మనిషి రాసిపెట్టిన కాగితం ఒక్కటి ఉండి ఉంటే వాదన ఇన్నాళ్లు ఇలా సాగేది కాదు. జవ్వాది కొండల నుంచి వచ్చిన కూలీలకు తెలుగు చదవడం రాదు, అరెస్టు మెమోలో ఏముందో తెలియకుండా వేలిముద్ర వేస్తారు, ఇంటివాళ్లు బస్సులు మారి వచ్చేసరికి రిమాండ్ అయిపోయి ఉంటుంది, ములాఖత్‌కి ఏ కాగితం కావాలో వాళ్లకు చెప్పేవాడు ఉండడు. సబ్‌జైలుకి ఎప్పుడైనా ఒక సందర్శకుడు పోయినా తమిళం రాకపోతే వాళ్లతో ఏం మాట్లాడతాడు?

సబ్‌జైళ్ల దగ్గరికి వస్తాను. జైళ్లకు బోర్డ్ ఆఫ్ విజిటర్స్ అనేది బ్రిటిష్ వాళ్ల నాటి నుంచీ ఉంది, 1894 జైళ్ల చట్టంలోనే సందర్శకుల ప్రస్తావన ఉంది. జిల్లా జడ్జి, కలెక్టరు లాంటి అధికారులు కొందరు, అధికారులు కాని మామూలు పౌరులు కొందరు. వాళ్లు పోయి, ఖైదీలతో మాట్లాడి, వంటగది చూసి, రిజిస్టర్లు చూసి విజిటర్స్ బుక్‌లో రాయాలి. 2015 జూలై 24న, లాకప్ చావుల మీద నడిచిన డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఇంకొంచెం ముందుకు పోయి, ఇలాంటి అనధికార సందర్శకులను, అంటే అధికారులు కానివాళ్లను, జైళ్లకే కాదు, పోలీస్ స్టేషన్లకు కూడా నియమించే విషయం రాష్ట్రాలు పరిశీలించాలని చెప్పింది. పదేళ్లు దాటింది. మన స్టేషన్లకు సందర్శకులుగా ఎవరైనా టీచరునో డాక్టరునో వేసినట్టు మీ పేపర్లో చదివిన గుర్తు నాకు లేదు.

బసు గారి కథ చాలామందికి తెలియదు, ఇక్కడ చెప్పుకోవాలి. ఆయన పశ్చిమ బెంగాల్లో న్యాయ సహాయ సంస్థ పెద్ద. 1986లో పేపర్లలో వచ్చిన లాకప్ చావుల వార్తలు చూపిస్తూ ప్రధాన న్యాయమూర్తికి ఒక ఉత్తరం రాశారు. దాన్నే పిటిషన్‌గా తీసుకుని 1996 డిసెంబర్‌లో తీర్పిచ్చారు, అరెస్టు మెమో మీద ఇంటివాళ్లో ఊరివాళ్లో సంతకం పెట్టడం, 48 గంటలకోసారి డాక్టరు పరీక్ష లాంటివన్నీ అందులోంచి వచ్చినవే. పేపరుకు ఉత్తరాలు రాసేవాళ్లకు పనిలేదు అనే మా ఆవిడకు ఇది చదివి వినిపించాను.

అధికారులు పోవడం లేదా అంటే పోతారు. చెప్పి పోతారు. కలెక్టరు గారు వస్తున్నారంటే హాస్టల్లో ఆ పూట కోడిగుడ్డు ఎలా పెద్దదవుతుందో, జైల్లోనూ ఆ పూట సాంబారు చిక్కబడుతుంది, బాత్రూముల్లో ఫినాయిల్ వాసన వస్తుంది, ఖైదీలను వరసగా కూచోబెట్టి సూపరింటెండెంట్ పక్కనే ఉండగా "ఏమైనా సమస్యలున్నాయా" అని అడుగుతారు. ఎవడు లేచి చెబుతాడు? జడ్జి గారు, లీగల్ సర్వీసెస్ వాళ్లు చేసే మంచి పని నేను కాదనను, లాయరు పెట్టుకోలేనివాళ్లకు వాళ్లే దిక్కు. కానీ చెప్పకుండా పోయి, వార్డర్లను బయట నిలబెట్టి, ఖైదీతో ఒంటరిగా మాట్లాడి, చూసింది అచ్చు వేసి జనానికి చెప్పే పని వేరు. ఆ పని చేసేవాళ్లు లేరు.

ఈ ఆలోచన ఎక్కడిదంటే, స్విట్జర్లాండ్‌లో జెనీవాకు చెందిన జాన్ జాక్ గోతియే అనే బ్యాంకరుది. యుద్ధ ఖైదీల శిబిరాలకు రెడ్‌క్రాస్ వాళ్లు పోయి చూసి వస్తున్నప్పుడు శాంతికాలంలో జైళ్లకూ పోలీసు లాకప్‌లకూ ఎందుకు పోకూడదు అని 1970లలో అడిగాడు. ఎవరినో పట్టుకుని శిక్షించడం కోసం కాదు, దెబ్బ పడకముందే పోయి చూడటం కోసం. ఐరోపా దేశాలు 1987లో దీన్ని ఒప్పందం చేసుకుని, అలా పోయి చూడటానికి ఒక కమిటీ పెట్టుకున్నాయి. ఆ కమిటీవాళ్లు 1996లో ఇస్తాంబుల్ పోలీసు ప్రధాన కార్యాలయానికి పోతే కరెంట్ షాక్ ఇవ్వడానికి అమర్చిన పరికరం, మనిషిని చేతులతో వేలాడదీయడానికి పనికొచ్చే సామాను కనిపించాయి, ఆ సంగతి బహిరంగంగా ప్రకటించారు. టర్కీ ప్రభుత్వ అధికారులు అంతకుముందు ఆ బిల్డింగ్‌లోకి పోలేదంటారా? 2002లో ఐక్యరాజ్యసమితి ఇదే పద్ధతిని అన్ని దేశాలకూ తెచ్చింది, చిత్రహింసల వ్యతిరేక ఒప్పందానికి అనుబంధంగా. ఎప్పుడైనా, చెప్పకుండా, ఎక్కడ మనిషిని బంధించి ఉంచారో అక్కడికి పోయే హక్కు. అందులో మాల్దీవులు చేరింది, శ్రీలంక 2017లో చేరింది. మనం అసలు ఒప్పందం మీదే 1997 అక్టోబర్‌లో సంతకం పెట్టి ఊరుకున్నాం, ఇప్పటికీ ధ్రువీకరించలేదు. చిత్రహింసల నిరోధక బిల్లు 2010లో లోక్‌సభలో పాసై, రాజ్యసభ సెలెక్ట్ కమిటీకి పోయి, 2014లో మురిగిపోయింది. 2017లో లా కమిషన్ 273వ నివేదికలో మళ్లీ చట్టం చేయమంది. అంతే.

అదంతా ఫారిన్ ముచ్చట, మన దగ్గర నడవదు అంటారేమో. బిహార్ ముజఫర్‌పూర్ గుర్తు తెచ్చుకోండి. ప్రభుత్వం డబ్బిచ్చి నడిపించే బాలికల వసతి గృహం, జైలు కాదు గానీ పిల్లలు బయటికి పోలేరు కాబట్టి మన లెక్కలో అదీ నిర్బంధమే. అధికారుల తనిఖీలు అక్కడా జరిగాయి, ఎవరికీ ఏమీ కనపడలేదు. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ నుంచి సోషల్ ఆడిట్‌కు వచ్చినవాళ్లు పిల్లలతో కూచుని మాట్లాడితే వాళ్ల మీద జరుగుతున్న లైంగిక దాడుల సంగతి మొత్తం 2018లో బయటపడింది, నడిపించినవాడికి 2020లో యావజ్జీవ శిక్ష పడింది. వాళ్లు చేసిందల్లా పిల్లలు చెప్పేది వినడం, విన్నది రాయడం. అదే పని మన సబ్‌జైళ్లలో, అబ్జర్వేషన్ హోముల్లో, మహిళల వసతి గృహాల్లో, మానసిక చికిత్స కేంద్రాల్లో చేస్తే తప్పేముంది?

ఇంకో సంగతి చెబితే నవ్వొస్తుంది. విజయ్ మాల్యాను అప్పగించమని అడిగినప్పుడు లండన్ కోర్టు మీ జైలు ఎలా ఉంటుందో చూపించమంది. 2018లో మన ప్రభుత్వం ముంబయి ఆర్థర్ రోడ్ జైల్లో 12వ బ్యారక్‌ను వీడియో తీయించి పంపింది, గాలీ వెలుతురూ వస్తాయా లేదా అని అక్కడి జడ్జి చూసింది. వేల కోట్లు ఎగ్గొట్టాడన్న మనిషి గది కిటికీ సంగతి లండన్‌లో ఒక జడ్జి పట్టించుకుంటే, చికెన్ పకోడీ బండి దగ్గర గొడవలో పీలేరు సబ్‌జైలుకో మదనపల్లె సబ్‌జైలుకో పోయిన కుర్రాడి గది ఎలా ఉందో ఎవరూ అడగరు. పశ్చిమ బెంగాల్లోని పురూలియాలో విమానం నుంచి ఆయుధాలు జారవిడిచిన కేసులో నిందితుడు, డెన్మార్క్ వాడైన కిమ్ డేవీని పంపడానికి డెన్మార్క్ కోర్టు 2011లో ఒప్పుకోలేదు, 2024లో మళ్లీ ఒప్పుకోలేదు, ఇండియాకు పంపితే హింసిస్తారేమోనని. అంటే ఇది ఖైదీల మీద జాలి సంగతే కాదు, మన కేసులు మనం గెలవాలన్నా అవసరమే.

దొంగలకూ గంజాయి బ్యాచ్‌కీ ఇంత వకాల్తా ఎందుకని అడుగుతారు, అడగండి. 2022 చివరి లెక్కల్లో దేశంలో జైళ్లలో ఉన్నవాళ్లు 5,73,220 మంది, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. నూటికి 75 మందికి పైగా ఇంకా నేరం రుజువు కానివాళ్లు. నా దగ్గర బెయిల్ కాగితాలు టైపు చేయించుకుని, తర్వాత కేసు కొట్టేస్తే ఆ ఆర్డర్ కాపీకి అప్లికేషన్ కూడా నా దగ్గరే టైపు చేయించుకున్నవాళ్లు ఎంతోమంది. మధ్యలో పోయిన పని, పడిన దెబ్బలు ఏ ఆర్డర్‌లోనూ తిరిగి రావు.

పోలీసుల వైపు నుంచి కూడా చూడాలి. మా చిన్నాయన చెప్పేవాడు, క్రైమ్ మీటింగ్‌లో పై అధికారి అడిగేది రికవరీ ఎంత అని ఒక్కటే, నగలు ఎలా దొరికాయని ఎవరూ అడగరు, అడిగేవాడుంటే మేమూ కొట్టేవాళ్లం కాదురా అని. ఆ టెన్షన్ మొత్తం కింది మనిషి వీపు మీద దిగుతుంది. బయటి సందర్శకులు వస్తే వాళ్లు రాసేది లాకప్ సంగతి ఒక్కటే కాదు, సెంట్రీ మనిషి రెండు షిఫ్టులు వరసగా చేస్తున్నాడని, స్టేషన్‌లో మహిళా కానిస్టేబుళ్లు లేరని, రాత్రి డాక్టరు దొరకడం లేదని కూడా రాస్తారు. అది పై అధికారులు రాయరు, వాళ్లను వాళ్లే తప్పు పట్టుకున్నట్టవుతుంది కాబట్టి. ఇంకోటి, ఎవరైనా నిజంగానే జబ్బుతో లాకప్‌లో పోతే జనం స్టేషన్ మీద పడతారు, ఎంత చెప్పినా నమ్మరు. ముందు రోజు బయటి డాక్టరు ఎవరో చూసి రాసిన కాగితం ఉంటే ఆ ఎస్ఐ ఉద్యోగం నిలబడుతుంది.

రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ ఉంది కదా అంటే, దాని ఆఫీసు కర్నూల్లో. చిత్తూరు జిల్లాలో పలమనేరు అవతలి పల్లె నుంచి ఒక తల్లి కర్నూలు పోయి ఫిర్యాదు ఇవ్వడం ఎంత పనో ఆలోచించండి. పైగా అది జరిగిపోయాక పోయే చోటు.

చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు, ఉన్న అధికారంతోనే కలెక్టరు గారు, జిల్లా జడ్జి గారు చేయగలిగినవి ఉన్నాయి. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లోని సబ్‌జైళ్లకూ చిత్తూరు జిల్లా జైలుకూ అనధికార సందర్శకుల పేర్లు ప్రభుత్వానికి పంపించాలి, పార్టీ వాళ్లు వద్దు, ఒక రిటైర్డ్ డాక్టరు, ఒక టీచరు, ఒక సామాజిక కార్యకర్త, సగం మంది ఆడవాళ్లు, తమిళం మాట్లాడేవాళ్లు ఒకరైనా తప్పకుండా. వాళ్లు రాత్రి పదింటికి గేటు కొట్టినా తీయాలి. వాళ్లతో మాట్లాడిన ఖైదీకి మర్నాడు ఏదైనా జరిగితే దానికి బాధ్యుడెవరో ముందే రాసిపెట్టాలి, లేకపోతే ఎవరూ నోరు విప్పరు. వాళ్లు రాసిన రిపోర్టు, ఖైదీల పేర్లు తీసేసి, జిల్లా వెబ్‌సైట్లో పెట్టాలి. స్టేషన్ల సంగతి 2015 తీర్పు చూపించి రాష్ట్రాన్ని అడగాలి.

మీకూ ఒక పని చెబుతాను. మీ తిరుపతి విలేకరి చేత 10 రూపాయల ఆర్టీఐ ఒకటి పెట్టించండి. మన రెండు జిల్లాల్లో ప్రతి జైలుకూ అనధికార సందర్శకులుగా ఇప్పుడు ఎవరున్నారు, చివరిసారి ఏ తేదీన పోయారు, విజిటర్స్ బుక్‌లో ఏం రాశారు, దాని మీద ఏం చేశారు, సీసీ కెమెరాల జిల్లా కమిటీ చివరిసారి ఎప్పుడు కూచుంది. 30 రోజుల్లో జవాబివ్వాలి, ఒక మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లోనే ఇవ్వాలి. వచ్చిన జవాబు ఖాళీ గడులతో వచ్చినా సరే, అలాగే మీ జిల్లా పేజీలో అచ్చు వేయండి.

ఇట్లు,
కోర్టు దగ్గరి టైపిస్టు, తిరుపతి
(పేరు, చిరునామా మీకు విడిగా పంపుతున్నాను, అచ్చు వేయొద్దు)